ఊపకుండా మోగిన కాయ

దెయ్యం మాట ఎవరెత్తినా నేను చీపురు తీసేదాన్ని. మా కవిటి పక్క కొబ్బరితోటల్లో ఒంటరిగా కాయలేరుతూ ముసలిదాన్నైపోయాను, ఏ చెట్టూ నన్ను పిలవలేదు. అక్షరాలు ఆలస్యంగా, రాత్రిబడిలో నేర్చుకున్నాను. అబద్ధం రాసేంతగా చెయ్యి ఇంకా తిరగలేదు. జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా తమ్ముడు గున్నయ్య తాగాడు. దాచడానికేముంది. కాళ్లు వాచాయి, పొట్ట ఉబ్బింది. మా ఉద్దానంలో కాలు వాస్తే కిడ్నీ అనే అంటారు, ఇంకో జబ్బు పేరు ఎవరి నోటా రాదు. పలాసలో రక్తపరీక్ష చేయిస్తే కిడ్నీలు బాగున్నాయన్నారు. ఇంటిల్లిపాదీ సంబరపడి కోడిని కోశాం. వాడు దాంతోపాటు సీసా కూడా తెచ్చుకున్నాడు. చెడిపోయింది లివరని తెలిసేసరికి అది రాయిలా గట్టిపడిపోయింది.

పొట్టలో నీరు తోసి తోసి బొడ్డు నిమ్మకాయంత బయటికొచ్చింది. అది పగిలితే ప్రాణం మీదికొస్తుందని శ్రీకాకుళంలో ఆపరేషనుకి చేర్చుకున్నారు. ముందు గుండెకి స్కాను తీశారు. ఆ గదిలో నేనూ ఉన్నాను. మిషన్లోంచి వాడి గుండె చప్పుడు వినబడింది. తడిగుడ్డ బండకేసి బాదినట్టు, మధ్యలో చిన్న జారుడు. గుండె బాగా కొట్టుకుంటోందన్నారు.

"సూసేవా అప్పా, లివరు పోయినా గుండె ఎద్దులాగుంది," అన్నాడు తమ్ముడు.

"ఎద్దుకి బుద్ధి కూడా ఉంటాదిరా," అన్నాను.

ఆపరేషను లోపు కాయలు వ్యాపారికి ఇచ్చేద్దామని ఇంటికొచ్చాను. ఒలిచిన ప్రతి కాయా చెవి దగ్గర ఊపి చూడటం మా పని. నీళ్లు కదిలితే ఒక కుప్ప, కదలకపోతే ఎండుకొబ్బరి కుప్ప. పట్టపగలు, ఎండ నెత్తి మీదుంది. ఒక కాయ ఊపాను. చప్పుడు లేదు. ఎండుకుప్పలో వెయ్యబోతుంటే మోగింది. ఊపకుండానే. తడిగుడ్డ బండకేసి బాదినట్టు, మధ్యలో అదే జారుడు.

నా గుండే చెవిలో కొట్టుకుంటోందనుకున్నాను. అనుమానం తీర్చుకుందామని కాయల బస్తా నెత్తికెత్తుకుని, ఆ కాయ చెవికి ఆనించుకుని గట్టెక్కాను. రొప్పొచ్చింది. నా గుండె దడదడలాడింది. కాయలో చప్పుడు మాత్రం పెరగలేదు. బస్తా దించేలోగా మెత్తబడి, తడబడి, ఆగింది.

అక్కడే కత్తితో కొట్టాను. లోపల నీటిచుక్క లేదు. కొబ్బరి చిప్పకంటుకుని ఎండిపోయి ఉంది.

బరువు మోస్తుండగా ఆగింది వాడి గుండె చప్పుడే అనిపించింది. కట్టుకున్న చీరతోనే టెక్కలి మీదుగా శ్రీకాకుళం పోయే బస్సెక్కాను. డాక్టరుకి కాయ మాట చెప్పలేదు. చెప్తే నన్నూ చేర్చుకుందురు.

"బాబూ, ఆణ్ని పడుకోబెట్టి సూసేరు. బరువెట్టి సూడండి," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. మత్తు డాక్టరుతో మాట్లాడాడు. మందెక్కించి, గుండెని పరుగెత్తించి, మళ్లీ స్కాను తీశారు. గుండె అందుకోలేకపోయింది. లివరు ముదిరి పాడైనవాళ్లలో ఇలా ఉంటుందట. రక్తనాళాలు వదులైపోతాయి కాబట్టి గుండెకి పని తేలికవుతుంది, బాగున్నట్టే కనబడుతుంది. బరువు పడ్డప్పుడే అసలు బలం ఎంతో బయటపడుతుందట. ఆపరేషను ఆపేశారు. బొడ్డుకి పట్టీ కట్టి, నీరు కొంచెం కొంచెంగా తీసి, మందులిచ్చి పంపారు.

"మీకెవరు చెప్పారమ్మా?" అనడిగాడు డాక్టరు.

"ఎవలూ సెప్పలేదు బాబూ," అన్నాను. అదీ అబద్ధం కాదు.

"ఆపరేషను ముందు మేమే మళ్లీ చూసేవాళ్లమేమో," అన్నాడు. "చూడకపోయేవాళ్లమేమో," అని కూడా తనే అన్నాడు.

తమ్ముడు తాగుడు మానేశాడు. కాయ సంగతి వాడికొక్కడికే చెప్పాను. అరుగు మీద కూర్చుని పొద్దున్నే, "అప్పా, ఇయ్యాల కాయలేటన్నాయి?" అని వెక్కిరిస్తాడు.

కాయ ఊపడం మానేశాను. చేత్తో బరువు చూసి విసిరేస్తున్నాను. కుప్పలు కలిసిపోతున్నాయి, వ్యాపారి తిడుతున్నాడు. తిట్టనీ. ఆ ఎండు కాయలో ఏం మోగిందో నాకిప్పటికీ తెలీదు. ఇంకోటి చెవి దగ్గర పెడితే వాడి గుండె మళ్లీ వినబడుతుందేమోనని భయం. వాడు అరుగు మీద నవ్వుతూ కూర్చునుండగా ఏమీ వినబడకపోతే, అది ఇంకా భయం.