బావి గట్టు మీద నా చెప్పులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను భయపెట్టడం ఒక్క పిన్నికే చేతనయ్యేది. నాన్న కసిరితే అలిగేదాన్ని. అమ్మ కేకలేస్తే నేనూ కేకలేసేదాన్ని. పిన్ని మాత్రం గొంతు తగ్గించి "ఒక మాట చెప్పనా?" అందంటే చాలు, ఒళ్లు జలదరించేది. అయినా సరే, చెప్పు చెప్పు అంటూ ఆవిడ వెనకాలే తిరిగేదాన్ని. ఏం పిల్లనో!

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మాతోనే ఉండేది. పగలు మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, సాయంత్రం వంటింటి బల్ల దగ్గర తెలుగులో కథలు. రాసినవి ఎయిర్‌మెయిల్‌లో ఇండియాలోని పత్రికలకు పంపేది. అచ్చయ్యాయో లేదో ఆరు నెలలకు గానీ తెలిసేది కాదు. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. అమెరికాలో తన కథలు చదివే మనిషి ఒక్కరైనా ఉండాలని నేర్పానని నవ్వుతూ ఒప్పుకునేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్నను ఆఫీసువాళ్లు ఒక వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌కు పని మీద పంపారు. అమ్మా నేనూ వెంట వెళ్లాం. పిన్ని సెలవులన్నీ పోగుచేసుకుని మూడు వారాలు ఉండేలా వచ్చింది. నాన్న పనికి పోయేవాడు, అమ్మకు ఎండ పడదు. ఇక ఊళ్లు తిరగడానికి మిగిలింది మేమిద్దరమే.

రోజూ బస్సెక్కి ఏదో ఒక కొండ మీది ఊళ్లో దిగేవాళ్లం. అన్నీ పాత రాతి ఊళ్లే. ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, ఎంతమంది ఎక్కి దిగారో గానీ మధ్యలో అరిగిపోయిన మెట్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా కిటికీలు బిగించుకుని పడుకునేది. కీచురాళ్ల రొద తప్ప అలికిడి ఉండేది కాదు. పిన్నికి కావలసింది సరిగ్గా ఆ వేళే. ఎవరినీ ఏమీ అడగకూడదు. మూసిన తలుపు ఒకటి ఎంచుకోవాలి, దాని ముందు నిలబడి లోపల ఎవరుంటారో ఊహించాలి. అది ఆవిడ పద్ధతి. నాకు చెప్పి, నా మొహం చూసి, నేను సరిగ్గా భయపడ్డాననుకుంటేనే నోట్‌బుక్‌లో రాసుకునేది.

పిస్కాటవేలో మా వీధి ఇళ్లన్నీ ఒకే అచ్చు. ఏ తలుపు వెనక ఎవరుంటారో, వాళ్ల కుక్క పేరేమిటో కూడా నాకు తెలుసు. ఇక్కడ ఒక్క తలుపూ తెలియదు. ఆ తెలియకపోవడమే పిన్నికి పండగ. వారం తిరక్కుండా నోట్‌బుక్ సగం నిండిపోయింది.

ఆ రోజు దిగిన ఊళ్లో చిన్న రాతి చప్టా, మధ్యలో పాత బావి ఉన్నాయి. బావికి చెక్కమూత సగమే మిగిలింది. ఒక పక్క చర్చి. దానికెదురుగా ఒక ఇల్లు. ఆ ఇంటి తలుపుకి, తట్టడానికి, మనిషి చెయ్యి ఆకారంలో ఇనుప గుబ్బ వేలాడుతోంది. అది చూడగానే నేను పిన్ని వెనక్కి నక్కాను. పిన్ని కళ్లు మెరిశాయి.

"లోపల ఒక ముసలావిడ ఉంది. ఆవిడ కూతురు ఈ బావి దగ్గరికొచ్చి మళ్లీ ఇంటికెళ్లలేదు. నీ అంతే ఉండేది. అప్పట్నుంచీ ఇంకెవరి పిల్లైనా దొరుకుతుందేమోనని పిలుస్తూనే ఉంటుంది. ఎవరి గొంతుతోనో తెలుసా? మీ అమ్మ గొంతుతో. నా గొంతుతో. పలికావో, ఫినిష్!"

"పలక్కపోతే?"

"పలక్కపోతే సేఫ్."

నా మొహం చూసి తృప్తిపడి, "ఇక్కడే ఉండు, టూ మినిట్స్" అని సందు మలుపులో నీడ చూసుకుని మెట్ల మీద కూర్చుంది. పిన్ని రాయడం మొదలుపెడితే పిడుగు పడ్డా తల ఎత్తదు. నేను బావి పక్కన ఒంటరిగా నిలబడ్డాను. ఇనుప చెయ్యి నన్నే చూస్తున్నట్టుంది. చర్చి తలుపు ఓరగా తెరిచి ఉంది. దేవుడున్న చోటికి దయ్యం రాదని నాకు గట్టి నమ్మకం. ఏ దేవుడైతేనేం! అమ్మ నేర్పినట్టే గుమ్మం బయట చెప్పులు విప్పి, పక్కపక్కన పెట్టి, లోపలికి వెళ్లాను.

లోపల చల్లగా ఉంది. ఒట్టి కాళ్లకు రాయి హాయిగా తగిలింది. ఒక మూల స్తంభం వెనక కొవ్వొత్తులు వెలుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఇంతలో ధడాలున తలుపు మూసుకుంది. తాళం తిరిగిన చప్పుడు వినిపించింది. పరిగెత్తి లాగాను, నెట్టాను. నా బలానికి అది కదిలే తలుపా! ఏడవడానికి కూడా భయమేసింది.

కాసేపటికి బయట నుంచి నా పేరు వినపడింది. పిన్ని గొంతు. మొదట మామూలుగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత జీరపోయి. అచ్చం పిన్ని గొంతే. అందుకే పలకలేదు. ఇంత బాగా పిన్నిలా పిలుస్తోందంటే అది ఆ ముసలావిడేనని నాకు ఖాయమైపోయింది. బెంచీ కిందికి దూరి, రెండు చెవులూ మూసుకుని, పలికితే ఫినిష్, పలక్కపోతే సేఫ్ అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను.

బయట జరిగింది తర్వాత పిన్ని అమ్మకు చెబుతుంటే విన్నాను. చర్చి తాళాలు చూసుకునే ముసలావిడ మధ్యాహ్నం మూయడానికి వచ్చి, గుమ్మంలో చిన్న చెప్పులు చూసింది. ఆ ఊళ్లో గుడి బయట చెప్పులు విడిచేవాళ్లెవరు? నీళ్లతో ఆడుకున్న పిల్లలెవరో మరిచిపోయారనుకుంది. అందరికీ కనపడేలా వాటిని బావి గట్టు మీద పెట్టి, చర్చికి తాళం వేసి, ఇంటికి పోయి పడుకుంది. ఇదంతా ఆవిడ సైగలతో చెప్పిందట.

పిన్ని తల ఎత్తి, నేను లేకపోవడం చూసి వెతుక్కుంటూ వచ్చేసరికి, గట్టు మీద నా చెప్పులు రెండూ పక్కపక్కన ఉన్నాయి. చెప్పులు విప్పి అలా పక్కపక్కన పెట్టడం మనింటి పిల్ల అలవాటే కదా, విప్పి బావిలోకి వంగిందనుకుంది. పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి. బావిలోకి వంగి పిలిస్తే తన గొంతే తిరిగి వచ్చిందట. ఆవిడకు ఫ్రెంచి రాదు. ఇంగ్లీషు కూడా మరిచిపోయింది. "పిల్ల! మా పిల్ల!" అని తెలుగులో అరుస్తూ ఎదురుగా కనపడిన తలుపు బాదింది. అది ఆ ఇనుప చెయ్యి ఉన్న తలుపే.

తలుపు తీసింది ఆ తాళాల ముసలావిడే. పిన్ని చేతిలో చెప్పులు చూసింది, పిన్ని మొహం చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తాళం చెవి కోసం లోపలికి పరిగెత్తింది.

చర్చి తలుపు తెరుచుకోగానే నాకు మాత్రం ముందు కనపడింది నల్లగౌనూ, విరబోసుకున్న తెల్లజుట్టూ. పలక్కపోయినా వచ్చేసింది! నేను పెట్టిన కేకకి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆవిడ వెనక పిన్ని, నా చెప్పులు గుండెకి హత్తుకుని. నన్ను బెంచీ కింద నుంచి లాగి ఎంత గట్టిగా పట్టుకుందంటే నాకు ఊపిరాడలేదు.

ముసలావిడ మమ్మల్ని తన వంటింట్లో కూర్చోబెట్టింది. పీచ్ పళ్లు ముక్కలు కోసి పెట్టింది. గోడ మీది ఫోటో చూపించి, తన కూతురని సైగ చేసింది. బొద్దుగా, ముగ్గురు పిల్లల మధ్య నవ్వుతున్న మనిషి. నేను దయ్యమనుకున్నావిడ వంగి నా పాదాలకు అంటిన దుమ్ము తడిగుడ్డతో తుడిచింది. సిగ్గుతో నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

"ఎందుకు పలకలేదే? గొంతు పోయేలా పిలిచాను కదే!" అంది పిన్ని అప్పుడు.

"నువ్వే పలకొద్దన్నావ్."

పిన్ని చేతిలోని పండు ముక్క పళ్లెంలో పెట్టేసింది. గోడవైపు తిరిగి ఏడ్చింది. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తప్పంతా నాదేననుకున్నాను.

మిగిలిన రోజులు ఇక ఏ ఊరూ వెళ్లలేదు. పిస్కాటవే తిరిగొచ్చాక కూడా పిన్ని ఒక్క కథ చెప్పలేదు. నేను అడగలేదు. సాయంత్రం బల్ల దగ్గర కూర్చునేది గానీ పెన్ను కదిలేది కాదు. నా వల్లే పిన్ని కథలు పోయాయేమోనన్న బెంగ నన్ను తినేసింది. బావి కన్నా ఆ భయమే పెద్దది.

మంచు పడుతున్న ఒక శనివారం, పిన్ని బజారుకి వెళ్లినప్పుడు బల్ల మీద నోట్‌బుక్ కనపడింది. కూడబలుక్కుంటూ చదివాను. ఆ ఊరే, ఆ బావే. చెప్పులు గట్టు మీద ఉన్నాయి. కథలో ఒక పిన్ని బావిలోకి వంగింది. చివరి వాక్యం, "మళ్లీ పిలిచింది." ఆ కింద అంతా ఖాళీ. కాగితం మీద చాలాసార్లు పెన్ను ఆనించి తీసేసిన చుక్కలు మాత్రం ఉన్నాయి.

నేను అందులోనే ఉండిపోయానని నాకప్పుడు అర్థమైంది. ఇంట్లో రోజూ కళ్లెదుట తిరుగుతున్నా, పిన్ని లెక్కలో నేనింకా ఆ బావిలోనే ఉన్నాను. స్కూలు పెన్సిలు తీసి, వంకరటింకర అక్షరాలతో ఆ వాక్యం కింద రాశాను: "ఆఁ పిన్నీ, ఇక్కడున్నా."

పిన్ని వచ్చి, కోటు కూడా విప్పకుండా అది చదివింది. తిడుతుందనుకుని తలుపు వెనక దాక్కున్నాను. పేరు పెట్టి పిలిచింది. ఈసారి పలికాను. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "భయపెట్టడం నాకు బాగా వచ్చని మురిసిపోయానే. నువ్వు తిరిగి పలికే దారి కూడా మూసేశానని చూసుకోలేదు. ఇంకెప్పుడూ అలా చెయ్యను" అంది. ఎనిమిదేళ్ల పిల్లకి ఒక పెద్ద మనిషి సంజాయిషీ చెప్పుకోవడం కూడా నేను చూడటం అదే మొదలు. ఆ కథ నా వాక్యంతోనే ముగిసి అచ్చయింది.

పిన్ని పోయి నాలుగేళ్లయింది. నేనూ కథలు రాస్తాను. రాయడం ఆగిపోయినప్పుడల్లా ఆ రాతి ఊళ్లకే వెళ్తాను, మధ్యాహ్నం వేళ మూసిన తలుపుల ముందు నిలబడతాను. నా కథల్లో దయ్యాలు చాలానే ఉన్నాయి, నిజం చెప్పొద్దూ, పిన్ని వాటికన్నా భయంకరమైనవే. కానీ లోపల చిక్కుకున్నవాళ్లు తిరిగి పలకడానికి ఎక్కడో ఒక సందు వదులుతాను.

మనవలిద్దరూ స్కూలు నుంచి వచ్చి "అమ్మమ్మా, స్కేరీ స్టోరీ!" అని మీద పడతారు. చెబుతాను. చెప్పాక, "ఎవరు పిలిచినా సరే, ముందు నాకు పలకాలి" అంటాను. పిచ్చి అమ్మమ్మ అని నవ్వుకుంటూ మేడ మీదికి పరిగెత్తుతారు. నేను కింద మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాను. పైనుంచి "వాట్, అమ్మమ్మా?" అని ఇద్దరి గొంతులూ వినపడేదాకా అక్కణ్నుంచి కదలను.