పొలాల మీద పోయిన పడవ

దుబాయి వెళ్లొచ్చినవాడికి తెలియనిది ఉండదని మా పెద్దపల్లి వైపు జనం నమ్మే కాలం అది. వాళ్లకంటే గట్టిగా నేనే నమ్మేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు, నల్ల కళ్లద్దాలు, అక్కడ కొన్న బిగుతు బూట్లు. రెండేళ్లు పడవ సామాన్ల దుకాణంలో పనిచేసి వచ్చాను. నిజం చెప్పాలంటే నా పని పెట్టెలు విప్పడం, అట్టలు మడిచి బయట పారేయడం. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "పడవల లైన్ల ఉన్న" అనేవాణ్ణి.) సముద్రాన్ని బస్సు కిటికీలోంచి చూశాను, అది కూడా ఎండకు కళ్లు మూసుకుని.

మా మేనమామ ఊరు డ్యాం నీళ్లలో మునిగిపోయింది. పొలం పోయిన మామ చేపల సొసైటీలో చేరి, వాళ్ల మోటరు పడవ నడపడం నేర్చుకున్నాడు. నీళ్ల కింద ఏ గోడ ఎవరిదో ఆయనకు తెలుసు గానీ, నాలుగు దిక్కులా నీళ్లే ఉన్నచోట ఏది ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఏదో ఒక మొండిగోడ తగిలి అప్పటికే పడవ పంకాలు మూడు విరిగాయి. నాలుగోది విరిగితే పడవ అమ్మేస్తామని సొసైటీ తేల్చి చెప్పింది. పడవ పోతే మామకు తన ఊరి మీదికి వెళ్లే దారే ఉండదు. అదే ఆయన దిగులని మా అత్త నాతో చెప్పింది. ఆయన మాత్రం ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

సొసైటీ మీటింగులో మామ లేచి నిలబడి, "మా అల్లుడు దుబాయిల గీ పనే చేసిండు. నీళ్ల కింద చూపెట్టే మిషిన్ గాడే తెస్తడు, జర ఆగుండ్రి" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. పెట్టెలు విప్పిన సంగతి చెప్పడానికి అదే సరైన సమయం. నేను కళ్లద్దాలు సర్దుకున్నాను.

హైదరాబాద్‌లో దుకాణమాయన రెండు చార్ట్‌ప్లాటర్లు, అంటే పడవ ఎక్కడుందో నీళ్ల పటం మీద చూపే యంత్రాలు, బల్ల మీద పెట్టాడు. ఒకటి చిన్నది, అందులో ఏ పటమూ లేదు. పడవ తిరుగుతున్నకొద్దీ లోతు కొలిచి తనే పటం గీసుకుంటుందట. రెండోది పెద్ద తెరది, సముద్రాల పటాలతో సహా వచ్చేది. దీపస్తంభాలు, రేవులు, లోతులు, అన్నీ రంగుల్లో మెరిసిపోతున్నాయి. "గీసుకునే పని ఇది కూడా చేస్తది. మీరు ఏ సముద్రంల నడుపుతరు?" అని అడిగాడాయన. "అన్నింట్ల" అన్నాను. పాపం, మర్యాదగా తల ఊపాడు. పెద్దదే తెచ్చాను.

తెల్లారి మామ, సొసైటీ ప్రెసిడెంటు, నేను పడవెక్కాం. యంత్రాన్ని పడవకు బిగించి మీట నొక్కాను. బొంబాయి తీరం అద్భుతంగా కనిపించింది. మమ్మల్ని వెతుక్కుంటూ దగ్గరికి జరిపితే తెరంతా పసుపు రంగు నేల. చుక్క నీరు లేదు. ఆ ఎండిన నేల మధ్యలో మా పడవ గుర్తు హాయిగా పోతోంది.

ప్రెసిడెంటు వంగి చూసి, "ఏం పిలగా, పడవ మడికట్ల పోతుంది?" అన్నాడు. మామ కూడా తెర మీదికి వంగాడు.

"తప్పేమున్నదే? మనం పోతున్నది మడికట్ల మీదికెళ్లే గద."

ఆ మాటతో ముగ్గురం పడవ అంచు మీంచి నీళ్లలోకి చూశాం. నాకు మొదటిసారి తెలిసొచ్చింది. మేము తేలుతున్నది ఎవరో నాటు వేసిన పొలాల మీద.

పటం గీసుకునే పని ఇది కూడా చేస్తుందన్న దుకాణమాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. మీటలన్నీ నొక్కితే ఏదో ఒకటి తగిలి, తెర మీద లోతు అంకెలు మొదలయ్యాయి. మామ పడవను నాగలి సాళ్లలా అటూ ఇటూ తిప్పాడు. పడవ వెనకాల తెర మీద సన్నటి గీతలు పుట్టుకొస్తున్నాయి. పొద్దు నెత్తి మీదికి వచ్చినా ఒక్కరమూ అలసిపోలేదు. ఏడు మీటర్లు, ఏడు, ఆరు. ఉన్నట్టుండి నాలుగు, రెండు. మామ గబుక్కున మోటరు ఆపేశాడు.

"బురుజు" అన్నాడు. "గిదే పంకలు ఇరగ్గొట్టింది. మన ఊరి బురుజు."

బురుజు దొరికాక మామకు ఊరంతా దొరికింది. అక్కడి నుంచి తూర్పుకు మెల్లగా పోనిస్తూ, ఇది ఊరి పెద్దలు కూర్చునే కచ్చీరు, ఇది మగ్గాలుండే సాలోళ్ల వాడ, అని చెబుతున్నాడు. తెర మీద గతుకులు ఆయన చెప్పినచోటే లేస్తున్నాయి. ఒకచోట పడవ ఆపి, చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. ప్రెసిడెంటు కూడా విడిచాడు. ఆ నీళ్ల అడుగున మామ ఇంటి గడప ఉందని అర్థమై నేనూ వంగాను. నా బూట్ల లేసులు చిక్కుముడి పడి ఎంతకూ ఊడవు. వాళ్లిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు ప్రెసిడెంటు పడవ చెక్కను తట్టి, "గిది అమ్ముడు లేదు పో" అన్నాడు. ఒడ్డున దిగాక మామతో నిజం ఒప్పుకున్నాను.

"మామా, నేను దుబాయిల అట్టపెట్టెలు ఇప్పిన. గంతే."

"నాకెరుకనే."

"మరి గందరి ముంగట నా పేరెందుకు చెప్పినవ్?"

"చదువుకున్నోళ్లను అడిగిన. గక్కడ ఏం కనవడదు, కాదు అన్నరు. నువ్వైతే కాదనవని నాకెరుక."

ఇప్పుడు నాకు కరీంనగర్‌లో మోటర్ల దుకాణం ఉంది. తెలియని సామాను గురించి ఎవరైనా అడిగితే తెలియదనే చెబుతాను, అందుకే నన్ను నమ్మకస్తుడంటారు. మామ ఆ రోజు వచ్చి ఇప్పటి నన్ను అడిగి ఉంటే, నాతో కాదని చెప్పి, మర్యాదగా చాయ్ తాగించి పంపేవాణ్ణి. ఆయన మళ్లీ తన గడప దాకా వెళ్లేవాడే కాదు.