పిన్ని గోతుల పిచ్చి

మా పిన్నికి గుండ్రంగా ఏది కనిపించినా అది ఆకాశం నుంచి రాయి పడి చేసిన గొయ్యే. వృత్తి పళ్ళ డాక్టరు. పంటిలో గొయ్యి కనిపిస్తే పూడుస్తుంది, భూమ్మీద గొయ్యి కనిపిస్తే ఎగిరి గంతేస్తుంది.

ఆవిడ క్లినిక్కులో నేను సహాయకురాలిని. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని ఉండగానే పక్కన కంప్యూటర్లో మ్యాపు జరుపుతూ, "చూశారా, ఈ కొండలు ఎంత గుండ్రంగా ఉన్నాయో! కోట్ల ఏళ్ళ కిందట రాయి పడుంటుంది కదూ?" అనేది. నోటినిండా దూది ఉన్న మనిషి "ఆఁ" అనక ఏమంటాడు?

"విన్నావా? ఆయన కూడా ఒప్పుకున్నాడు!" అని నావైపు తిరిగేది. అలా ఒప్పించిన గోతుల్లో ఒకటి క్రికెట్ మైదానం, ఒకటి మురుగునీళ్ళ తొట్టి, ఇంకొకటి తెరమీద ఎండిపోయిన కాఫీ చుక్క.

క్లినిక్కు మేడమీద ఒక లారీ డ్రైవరుగారు అద్దెకుండేవారు. ప్రమాదంలో విరిగిన కాలు అతుక్కుంది గానీ, ఇక లారీ ఎక్కొద్దన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆనాటి నుంచీ ఆయన గది దాటలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకరోజు పిన్ని పాత ల్యాప్‌టాప్‌లో ఒక ఎడారి మ్యాపు తెరిచి పట్టుకుని పైకెక్కింది, వెనకాలే నేను.

"అన్నయ్యగారూ, నాకు చూపు సరిగా ఆనడం లేదు. మీరు ముప్పై ఏళ్ళు రోడ్డు చూసిన మనిషి. ఈ ఎడారిలో గుండ్రటి గొయ్యి ఏదైనా ఉందేమో చూసిపెడతారా?"

"గోతులు తప్పించడం నా పని డాక్టరమ్మా, వెతకడం కాదు," అన్నారాయన విసుగ్గా. కానీ ల్యాప్‌టాప్ తిరిగివ్వలేదు.

పదకొండో రోజున మెట్లమీద కర్ర చప్పుడైంది. ల్యాప్‌టాప్ చంకలో ఇరికించుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలో డ్రైవరుగారు. "డాక్టరమ్మా! దొరికింది!"

పిన్ని నోరు తెరుచుకున్న పేషెంటును అలాగే వదిలేసి, పరిగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది.

యూనివర్సిటీకి ఉత్తరం నన్ను టైపు చెయ్యమంది. ఆ చోటు వివరాల కోసం ఆవిడ మ్యాపు తెరిచాను. సరిగ్గా అక్కడే పిన్ని పెట్టుకున్న ఎర్ర గుర్తు, మూడు నెలల కిందటి తేదీతో సహా.

"పిన్నీ! ఇది నువ్వు ముందే చూశావా? కావాలనే ఆ ఎడారి ఆయనకిచ్చావా?"

"ఉష్! నెమ్మదిగా. నేను చూస్తే ఏమైంది? ఏమీ కాలేదు. ఆయన చూస్తే పద్దెనిమిది మెట్లు దిగొచ్చాడు. కనిపెట్టింది ఆయనే. పేరు తప్పుల్లేకుండా కొట్టు."

నెల తర్వాత జవాబొచ్చింది. అది రాయి పడిన గొయ్యి కాదట, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతమట. పిన్ని ఆ కాగితం ఆయన చేతికిచ్చి, తనే తప్పు చేసినట్టు నేలచూపులు చూసింది.

డ్రైవరుగారు రెండుసార్లు చదివారు. తర్వాత పేషెంట్ల బెంచీమీద కాస్త జరిగి పిన్నికి చోటిచ్చారు.

"దిగులెందుకు డాక్టరమ్మా? ఎడారులు ఇంకా బోలెడున్నాయి. ఉత్తరం వైపు మీరు చూడండి, దక్షిణం వైపు నేను చూస్తాను. రేపు మాత్రం క్లినిక్కు కాస్త పెందలాడే తెరవండి. ఇవాళ నేను దిగొచ్చి అరగంట గుమ్మం బయటే నిలబడ్డాను!"