ఇటుకపొడి సోమవారాలు

మా ఇంటి పక్క స్థలంలో మేడ కడుతున్నారు. పొద్దున్నే కూలీలు ఎర్ర ఇటుకలు ముక్కలు కొట్టి నీళ్ళు చల్లుతారు, ఆ పొడి తడవగానే ఒక వాసన లేచి మా వంటింట్లోకి వస్తుంది. తొలకరి వాసనలా బాగుందంటూ మా కోడలు కిటికీ బార్లా తెరుస్తుంది. నేను వెళ్ళి మూసేస్తాను. ఆ వాసన తగిలితే చాలు, నా నోట్లో ఉప్పగా నెత్తురు రుచి పుడుతుంది, పోనీ అది నా నెత్తురా అంటే కాదు. యాభై ఏళ్ళు కావస్తోంది, నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. పాత సంగతులు తవ్వుకుని బీపీ పెంచుకోవద్దని మావారు మందలిస్తూ ఉంటారు. తవ్వుకోవడానికి అది పాతిపెట్టిన సంగతైతే కదా.

డెబ్బైల్లో మా తిరువూరులో తెల్లవారిందంటే ఊళ్ళో సగం మంది నోట్లో పుల్లలతోనే మాట్లాడుకునేవారు. మా నాన్న నోట్లో పెట్టుకున్న వేపపుల్ల ఆయనతో పాటు మామిడితోట దాకా వెళ్ళి, పాలేళ్ళకి పని పురమాయించి, తిరిగొచ్చి నూతి గట్టు దగ్గర గానీ బయటికి వచ్చేది కాదు. నాయనమ్మ పిడక కాల్చిన కచికలో కాస్త ఉప్పు కలుపుకుని, పెరటి మెట్టు మీద చతికిలబడి, ఊళ్ళో వాళ్ళందరి మంచీ చెడ్డా తలుచుకుంటూ ఒక్కో పన్నూ తోమేది. ఎదురింటి మస్తాన్ తాత తన దగ్గరి బంధువెవరో హజ్ నుంచి తెచ్చిచ్చిన పుల్లని జేబులోనే పెట్టుకుని తిరిగేవాడు, నమాజుకి ముందు దాన్ని ఎంత పొదుపుగా నమిలేవాడో చూడటానికి మేం పిల్లలం అరుగు మీద కాచుకుని ఉండేవాళ్ళం. కాలేజీలో చదివే మా బాబాయి మాత్రం గులాబీ రంగు పళ్ళపొడి వాడేవాడు, అది తియ్యగా ఉంటుంది గనక మేం నాకేస్తామని డబ్బా అటకెక్కించేవాడు.

బడి తెరిచేది జూన్‌లో. అప్పటికి రసాల పీచు ఇంకా మా పళ్ళ సందుల్లోంచి పూర్తిగా వదిలేది కాదు. వానలు పట్టాక నేరేడుపళ్ళు తిని ఎవరి నాలుక ఎక్కువ నీలంగా ఉందో పందెం వేసుకునేవాళ్ళం, అట్లతద్దినాడు ఉయ్యాల దిగకుండానే బెల్లం నంజుకుని అట్లు తినేవాళ్ళం, చలి మొదలైతే బడి గేటు దగ్గర గంప దించుకుని కూర్చునే అవ్వ దగ్గర కాల్చిన తేగలు, రేగిపళ్ళు, ఒకసారి పళ్ళకి అతుక్కుంటే సాయంత్రం దాకా వదలని నువ్వుల జీడి. తొక్కుడుబిళ్ళ ఆటలో ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకి చెరుకుగడ పళ్ళతో చీల్చి ఇవ్వాలి. దేవుడు పళ్ళిచ్చింది అందుకేనని మా నమ్మకం.

అప్పట్లో మా హైస్కూల్లో పిల్లలకొక మంత్రివర్గం ఉండేది. తోటకి ఒక మంత్రి, మంచినీళ్ళ కుండలకి ఒక మంత్రి, చెత్త ఊడ్పించడానికి ఒక మంత్రి. ఆరో తరగతిలో నన్ను ఆరోగ్య మంత్రిని చేశారు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, పెత్తనం కోసం తహతహలాడే నా చేతికి అట్ట వేసిన నోటుపుస్తకం, ఎర్ర పెన్సిలు ఇచ్చి, ప్రతి సోమవారం ప్రార్థన అవగానే వరసలో నిలబడ్డ పిల్లల నోళ్ళు తెరిపించి, పళ్ళు శుభ్రంగా లేనివాళ్ళ పేర్లు రాయమన్నారు.

ఆ పని అప్పగించింది మా డ్రిల్లు మాస్టారు. పిల్లల పళ్ళు బాగుండాలని ఆయనకి నిజంగానే ఉండేదేమో, కాదనను. తీపి తింటే నోరు పుక్కిలించమనీ, పడుకోబోయే ముందు ఇంకోసారి తోముకోమనీ మాకు మొట్టమొదట చెప్పింది ఆయనే. చెప్పేటప్పుడు మాత్రం ఆయన బుగ్గన కిళ్ళీ ఉండేది. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఎర్రగా గారపట్టిన ఆ పళ్ళని ఏ మంత్రీ ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఆయన్ని 'ఆయన' అని రాస్తున్నది కూడా మా అమ్మ పెంపకం వల్లే తప్ప గౌరవం కొద్దీ కాదు.

బడి వెనక కట్టడం సగంలో ఆగిపోయిన ఒక గదీ, దాని పక్కన నాచు పట్టిన ఇటుకల పోగూ ఉండేవి. పుస్తకంలో పేరెక్కినవాళ్ళు అక్కడికి వెళ్ళి, ఇటుక ముక్కని బండ మీద నూరి, ఆ పొడితో మాస్టారు చాలనేదాకా వేలితో పళ్ళు రుద్దుకోవాలి. మొదటి పీరియడంతా మా క్లాసు కిటికీలోంచి వాళ్ళు కనిపిస్తూ ఉండేవాళ్ళు. మామూలు గార అయితే రెండు సోమవారాల్లో వదిలిపోయేది, ఆ పిల్లలు నా పుస్తకంలోంచి దిగిపోయేవాళ్ళు. ఎన్ని సోమవారాలైనా దిగనివి కొన్ని పేర్లుండేవి. వాటిలో మొదటిది సామ్రాజ్యం.

సామ్రాజ్యం ఎ.కొండూరు వైపు ఒక పల్లె నుంచి నడిచి వచ్చేది. మాది ఒకే బల్ల. తను నవ్విందంటే మూడు క్లాసుల అవతలికి వినపడేది. లెక్కల సారు బోర్డు వైపు తిరగ్గానే కూర్చున్నచోటే భుజాలు ఊపుతూ ఆయన నడక నడిచి చూపించేది, మేం నోరు నొక్కుకుని నవ్వుతుంటే తనే అందరికంటే గట్టిగా నవ్వి దొరికిపోయేది. పెద్దయ్యాక టీచరమ్మ అవుతుందట, పిల్లల్ని అస్సలు కొట్టదట. నవ్వినప్పుడు ముందుపళ్ళన్నీ కనిపించేవి. వాటి మీద గోధుమరంగు చారలు, మధ్యమధ్య సుద్దముక్క రంగు మచ్చలు.

తను పుట్టిన ఏడే వాళ్ళ ఊళ్ళో బోరు తవ్వి చేతిపంపు వేశారు. ఆ చుట్టుపక్కల అదే మొదటి పంపు. పాత బావి పూడ్చేసి, పంపుకి పసుపూ కుంకుమా పెట్టి, పెద్దమనుషులొచ్చి కొబ్బరికాయ కొట్టారని వాళ్ళ నాన్న కథలా చెప్పేవాడు. 'నేనూ పంపూ ఒక ఈడోళ్ళం' అని సామ్రాజ్యం గొప్పలు పోయేది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేనూ చూస్తూనే ఉన్నాను: తనకంటే పన్నెండేళ్ళు పెద్దదైన అక్కకి మల్లెమొగ్గల్లాంటి పళ్ళు, డెబ్బై దాటిన నాయనమ్మ వక్కలు పటపటా కొరికేది, తమ్ముడికి మాత్రం అచ్చం తనకి లాంటి చారలే. పెద్దదానికి ఒళ్ళొంగుతుంది, ఈ ఇద్దరికీ బద్ధకం అని వాళ్ళమ్మ తేల్చేసింది. నేనూ అదే అనుకున్నాను.

దీపావళి దాటాక ఒక సోమవారం నేను తన పేరు రాయలేదు. మాస్టారు వరస వెంట వస్తూ సామ్రాజ్యం దగ్గర ఆగి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, ఈ పళ్ళతో టీచరమ్మవి అవుతావా అని అందరికీ వినపడేలా అడిగారు. పిల్లలు నవ్వారు. తర్వాత నా వైపు తిరిగి, స్నేహం చూసుకుని వదిలేసే మంత్రి బడికి అక్కర్లేదనీ, ఇంకోసారి ఇలా జరిగితే పుస్తకం వేరే చేతికి వెళ్తుందనీ చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. తనని అంత మాట అన్నందుకు కాదు, పుస్తకం పోతుందేమోనని.

అందుకని తన పళ్ళు నేనే బాగుచేద్దామనుకున్నాను. రేగిపళ్ళ రోజుల్లో ఒక శనివారమంతా కూర్చుని ఇటుక నూరాను, అమ్మ పాత చీర గుడ్డలో వేసి జల్లించాను, పిండిలా మెత్తగా దిగిన పొడిని బాబాయి ఖాళీ చేసిన పళ్ళపొడి డబ్బాలో పోశాను. ఆదివారం నాన్న అటువైపు బండి కడితే ఎక్కి వాళ్ళ ఊళ్ళో దిగాను. సామ్రాజ్యం డబ్బా చూసి సంబరపడింది, పంపు గట్టు మీద కూర్చుని నోరు చాపింది.

“గట్టిగా తోమవే. రేపు నా పేరు రాయకుండా ఉంటే చాలు.”

కొబ్బరిపీచు ఉండచేసి, పొడిలో అద్ది, రెండు చేతులతో తోమాను. తమ్ముడు పంపు కొడుతుంటే తను దోసిలి పట్టి పుక్కిలించి మళ్ళీ నోరు చాపేది, నేను మళ్ళీ తోమేదాన్ని. కాసేపటికి నురగ ఎర్రబడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తను ఆపమనలేదు, అనకపోతే ఆపాలని నాకూ తోచలేదు. గోళ్ళు కొరుక్కునే అలవాటు నాకు. ఇంటికి వెళ్ళేటప్పుడు బండిలో వేలు నోట్లో పెట్టుకుంటే తన చిగుళ్ళ నెత్తురు ఉప్పగా తగిలింది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు, మేం ఇటుకరాయిని ఎంచుకున్నాం.

తెల్లవారి వరసలో సామ్రాజ్యం నోరు తెరిచింది. చిగుళ్ళు వాచి ఉన్నాయి, చారలు ఎక్కడివక్కడే ఉన్నాయి. నా కళ్ళలోకి చూసింది. మాస్టారు నా వెనకే నిలబడి ఉన్నారు. నేను రాశాను. ఎర్ర పెన్సిలుతో, గుండ్రటి దస్తూరీతో, మూడక్షరాలూ రాశాను. పుండైన ఆ చిగుళ్ళ మీద తను మళ్ళీ ఇటుకపొడి రుద్దుకోవడం కిటికీలోంచి చూస్తూ లెక్కలు చేసుకున్నాను.

మర్నాటి నుంచి సామ్రాజ్యం బడికి రాలేదు. వారం రోజులు గంజి తాగడానికి కూడా పళ్ళు జివ్వుమనేవట. ఈలోగా మిరపకోతలు మొదలయ్యాయి, వాళ్ళమ్మ తనని కూడా చేలోకి తీసుకెళ్ళింది. పళ్ళు చూపించి తిట్లు తినడానికి ఆడపిల్ల అంత దూరం నడవాలా అన్నాడట వాళ్ళ నాన్న. బల్ల మీద తన చోటు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పిల్లల కళ్ళూ పళ్ళూ చూడటానికి ఒక లేడీ డాక్టరుగారు బడికి వచ్చారు. మంత్రిని గనక నేను పుస్తకం పట్టుకుని ఆవిడ పక్కనే నడిచాను. ఆవిడ పుస్తకం తిరగేసి, ప్రతి వారం ఉన్న పేర్లు చూసి, ఆ పిల్లల్ని విడిగా నిలబెట్టి ఏ ఊరని అడిగారు. అందరిదీ సామ్రాజ్యం ఊరే. ఏ నీళ్ళు తాగుతారు, పంపు ఎప్పుడు వేశారు, మీ అక్కలకీ అన్నలకీ పళ్ళెలా ఉంటాయి అని ఒక్కొక్కటే అడిగి, మాస్టారి వైపు తిరిగారు.

“ఇది మురికి కాదండీ, బోరు నీళ్ళ వల్ల వచ్చింది. నల్గొండ వైపు పనిచేసినప్పుడు ఊళ్ళకి ఊళ్ళే చూశాను. ఇటుకతో రుద్దిస్తే ఉన్న పన్ను అరిగిపోతుంది. ముందు నీళ్ళు మార్పించండి.”

ఆవిడ జీపెక్కి వెళ్ళేదాకా మాస్టారు తలాడించారు. వెళ్ళాక మాతో అన్న మాట ఇది: “ఆవిడ ఇవాళొచ్చింది, రేపు పోతుంది. బడికి క్రమశిక్షణ ఉండాలిగా.” తర్వాతి సోమవారం ఆ పిల్లలు మళ్ళీ ఇటుకల పోగు దగ్గరే ఉన్నారు. తెలియక చేసిందాన్ని క్షమించవచ్చునేమో, తెలిశాక చేసినదానికి ఏం పేరు పెట్టాలి? కొబ్బరికాయ కొట్టడానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కడైనా ఒక సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించాడా? ఏ నీళ్ళు ఆ చారలు పెట్టాయో ఆ నీళ్ళతోనే తన నోరు కడిగించానే నేను! ఆ సోమవారమే పుస్తకం ఆయన మొహాన కొట్టి వచ్చేశానని రాయాలని నాకెంత ఉందో. రాయలేను. పరీక్షలయ్యేదాకా నేనే మంత్రిని. ఏడాది చివర నాకు బహుమతి కూడా ఇచ్చారు, ఒక డబ్బా గులాబీ రంగు పళ్ళపొడి.

డాక్టరుగారి మాట చెప్పడానికి మాత్రం ఆ ఆదివారం వెళ్ళాను. సామ్రాజ్యం కళ్ళంలో మిరపకాయలు ఎండబోస్తోంది. అంతా విని, కాయలు నెరుపుతూనే, కోపం లేకుండా అడిగింది.

“మరైతే నాకెందుకు తోమావే?”

మాట్లాడుతున్నంతసేపూ తను ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. మిరప ఘాటుకి కాబోలు అనుకున్నాను. పాత బావి మళ్ళీ తవ్వించమని వాళ్ళ నాన్న ఎవరెవరి గుమ్మాలు తొక్కాడో, ఎన్ని అర్జీలు పెట్టాడో నాకు తెలుసు. ఆ తర్వాత పుట్టిన పిల్లలకీ అవే చారలు.

ఇప్పుడు వేపపుల్ల నమిలేవాళ్ళు లేరు, కచిక అంటే ఏమిటో మా మనవడికి తెలియదు, చెరుకు కూడా రసమై గ్లాసుల్లోనే వస్తోంది. బడి వెనక గది ఎప్పుడో పూర్తయింది, ఇటుకల పోగు జాడ లేదు. సామ్రాజ్యం ఊళ్ళో పంపు పిడి ఊడి, చుట్టూ పిచ్చిమొక్కలు మొలిచాయి, ఊరంతా డబ్బా నీళ్ళు తాగుతోంది. మాస్టారూ పోయారు. పోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదంటారు, నేను ఉంచుకున్నాను. అందులో సగం నా మీద కూడా ఉంచుకున్నాను.

పోయిన నెల సామ్రాజ్యం తన మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్ళాను. యాభై నిండకుండానే తన పళ్ళు ఒక్కొక్కటీ విరిగి రాలిపోయాయి, కొడుకు బెజవాడ తీసుకెళ్ళి కట్టుడుపళ్ళు పెట్టించాడు. తెల్లగా, తీరుగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. లెక్కల సారు నడక గుర్తుచేస్తే పగలబడి నవ్వింది, నవ్వుతూనే ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోటోకి నిలబడితే ఫోటోగ్రాఫరు కుర్రాడు మామ్మగారూ చెయ్యి తియ్యండి అన్నాడు. తీసింది. నవ్వమన్నాడు. నవ్వు వచ్చేలోపే చెయ్యి పైకి వచ్చేసింది. మూడుసార్లు చెప్పి, విసుగొచ్చి అలాగే తీసేశాడు.

ఆ ఫోటో మొన్న మా ఫోనుకి పంపింది. అందులో తన చెయ్యి నోటికి అడ్డంగా ఉంది. పక్కన నేను, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను.