కోలాటంలో మా అమ్మాయికి పడిన తిట్లు

మా నిడదవోలు కోలాటం బృందంలో అందరూ దయామయులే. చెవులు వినపడని మా అమ్మాయి అడుగు తప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టేవారు. "అబ్బ, ఎంత బాగా ఆడుతోందండీ, పాపం!" అనేవారు. కర్ర కలపడానికి మాత్రం ఎవరూ జతకు వచ్చేవారు కాదు. పిల్ల గాలిని కొట్టేది, నేను అందరికీ దణ్ణాలు పెట్టేదాన్ని. చివరికి ఇక రానని సైగ చేసేసింది.

అది చూసి పక్కింటి పిన్నిగారు మరో ఇద్దరిని కూడగట్టి, మా అమ్మాయి దగ్గరే సైగల భాష నేర్చుకున్నారు. మొన్న పిల్లను మళ్లీ ఆటకు రప్పించి, పిన్నిగారే దానికి జతగా నిలబడి, అది అడుగు తప్పగానే, "కళ్లెక్కడ పెట్టావే? మళ్లీ వెయ్యి!" అని చేతులతోనే కడిగేశారు.

"ముందు తప్పింది మీరేనండి" అని ఇదీ చేతులతోనే చురక అంటించింది.

స్వామి దయ, ఇన్నాళ్లకు మా పిల్లను తిట్టే పుణ్యాత్మురాలు దొరికారు.