మామ దాచిన మాత్రలు

నిన్న మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. వాన దిగేలోగా వేరుశనగ పీకేయాలని ఇంటిల్లిపాదీ చేనులో ఉన్నాం. అప్పుడు గోదావరి జిల్లా నుంచి ఫోన్ వచ్చింది. నర్సక్క పోయిందట. మిగిలిన సాళ్లు పీకాకే ఇంటికి వచ్చాను.

కువైట్‌లో ఆమె ఆసుపత్రి నర్సు, మా పై అంతస్తులో ఉండేది. నేనూ మా మేనమామా షువైఖ్‌లో ఒకే గ్యారేజీలో పనిచేసేవాళ్లం. ఇరాక్ సైన్యం రావడానికి ముందు ఏడే మామకు గుండె ఆపరేషన్ అయింది. బీపీ కూడా ఎక్కువే. నర్సక్క డ్యూటీ దిగగానే మా గదికి వచ్చి మామ చేతికి బీపీ మిషన్ పట్టీ చుట్టేది. అంకె చూసేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. మామకు ఉప్పు పడదని మా ఊరగాయ సీసా తన గదిలోనే పెట్టుకుంది. అడిగినా ఇచ్చేది కాదు.

సైన్యం దిగాక మమ్మల్ని పనికి పెట్టుకున్న కఫీల్ కనపడకుండా పోయాడు. మందుల షాపులు మూశారు. జోర్డాన్ దాకా బస్సులు పోతున్నాయని తెలిసి మేమూ మూట కట్టాం. బయలుదేరే పొద్దున అక్క పట్టీ చుట్టింది, గాలి వదిలింది, మళ్లీ చుట్టింది. మామకు చెమటలు. రొమ్ము పట్టేసినట్టుందన్నాడు.

“మాత్ర వేసుకుంటున్నారా బాబాయిగారూ?”

“వేసుకుంటానే ఉండా.”

ఆమె పెట్టె తెరిపించింది. ఊరికని కొన్న చీరల మడతల్లో, అగ్గిపెట్టెలో మాత్రలు దొరికాయి. ఊరికి పోయేటప్పటికని సబ్బు దగ్గర్నుంచి దాచడం మా అందరికీ అలవాటే. మామ వీటినీ దాచాడు.

“ఎడారిలో మందు యాడ దొరుకుతాదమ్మా? దారికని పెట్టుకుంటి.”

“దాచుకోటానికి ఇదేమన్నా సెంటు సీసా అండీ? ఈ మందు ఉన్నట్టుండి ఆపితే గుండె తట్టుకోలేదు.”

“అట్లయితే మూడు ఒగేసారి మింగుతా. బస్సు పోతాది.”

“వద్దండీ! బీపీ మరీ పడిపోయినా మీ గుండెకి రక్తం చాలదు. రోజుది రోజే. పోతే పోనివ్వండి బస్సు.”

“నువ్వు నర్సువా, మిలిట్రీవా?” అన్నాడు మామ. ఆమె నవ్వలేదు.

గ్యారేజీ వ్యానులో ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో సైనికులు ఆపారు. ఒకడు బీపీ మిషన్ తీసి తన సంచిలో వేసుకున్నాడు. నర్సక్క దిగి, వాడి ముందు చెయ్యి చాపి నిలబడింది. తుపాకీ వంక చూడలేదు. వెనక సీట్లో మామ మూలుగుతున్నాడు. వాడు మామను చూశాడు. మిషన్ ఆమె చేతిలో పెట్టి “యల్లా” అని, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

డాక్టరు మామను వార్డులో ఉంచి పాత మందే మళ్లీ మొదలుపెట్టాడు. బీపీ మెల్లగా దిగింది. అక్క ఒప్పుకున్నాకే బస్సెక్కాం. ఆ రోజు మాత్ర మామకు తన చేత్తో మింగించి, మిగతావి నాకిచ్చింది.

“నువ్వూ రామ్మా,” అన్నాడు మామ.

“వార్డులో జనం ఉన్నారండీ.”

బస్సు కదిలేటప్పుడు మిషన్ చంకలో పెట్టుకుని ఎండలో నిలబడి ఉంది.

మామా నేనూ ఎండలు తగ్గకముందే ఊరు చేరాం. నర్సక్క చలికాలంలో తన ఊరు చేరింది. మామ చాలా ఏళ్లు బతికి, పోయిన ఏడు పోయాడు. నర్సక్క నిన్న పొద్దున.