వంతెన వణికిన మధ్యాహ్నం

నిన్న నేనొక వంతెనని కాపాడాను. ఆ సంగతి వంతెనకే తెలియదు. వినండి!

ప్రత్తిపాడు దాటాక కాలువ మీద పాత ఇనప వంతెన ఉంది కదా, దానికి వైర్‌లెస్ సెన్సర్లు పెట్టాలి. సబ్బుపెట్టెంత డబ్బా, అడుగున అయస్కాంతం. వంతెన ఊగితే లాప్‌టాప్‌లో గీత ఊగుతుంది. మొదటిసారి మా బాస్ నన్నొక్కదాన్నే నమ్మి పంపారు. రెండు పెట్టేశాను. మూడోది పెట్టేలోపు పక్కనే ఒక ట్రాక్టర్ ఆగింది, డ్రైవర్ టీకి దిగాడు. దాని వెనక ట్రక్కు నిండా పత్తి! మబ్బొకటి దిగొచ్చి కూర్చున్నట్టు, తెల్లగా, మెత్తగా. దూలం మీద దుమ్ము తుడుస్తూనే నేను ఆ మబ్బెక్కి ఎటో తేలిపోయాను. తేరుకునేసరికి చేతిలో డబ్బా లేదు. పెట్టేసే ఉంటానులే అనుకున్నా.

టీ బడ్డీ దగ్గర లాప్‌టాప్ తెరిచానా... మూడో గీత పిచ్చెక్కినట్టు గెంతుతోంది! లాప్‌టాప్ చంకన పెట్టుకుని, చున్నీ ఊపుతూ పరుగెత్తి వంతెనకి అడ్డంగా నిలబడ్డాను. అప్పుడే బయల్దేరిన పత్తి ట్రాక్టర్ ఆగింది. గీతా ఆగింది.

"చూశారా! బండి ఆపగానే వంతెన శాంతించింది!" కాలేజీ డిబేట్లలో కప్పులు కొట్టిన గొంతు మరి.

పత్తి మీద కూర్చున్న పెద్దావిడ, ఆ పత్తి పండించిన మరియమ్మ గారు అరిచింది. "ఏమ్మాయ్, వాన మబ్బు చూశావా? తడిస్తే ఈ పత్తి ఎవడు కొంటాడు? ఏడాదంతా దీని మీదే బతకాలి! నా పెళ్లి బండి కూడా ఈ వంతెన మీదే పోయింది, వణకలా!"

"అప్పుడు సెన్సర్ లేదు పిన్నీ, అందుకే తెలియలా!"

"అత్తా, ఈమెతో గెలవలేం. చుట్టూ తిరిగి పోదాం," అంటూ డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. మళ్లీ గీత గెంతింది.

"ఆపండి! వంతెన ఊగుతోంది!"

"వంతెన మీద ఒక్క చక్రం కూడా లేదు కదండీ మేడం!"

నిజమే. మరి ఊగేదేంటి? చూస్తే, ట్రక్కు పక్క రేకుకి అంటుకుని నా మూడో డబ్బా, పచ్చ లైటుతో కన్ను కొడుతోంది.

చున్నీతో మొహం కప్పుకున్నాను. చినుకు పడింది.

"తర్వాత సిగ్గుపడుదువుగానీ, ఎక్కు! ఈ టార్పాలిన్ పట్టా ఓ కొస పట్టుకో!" అంది మరియమ్మ గారు పడీపడీ నవ్వుతూ.

డబ్బా పీక్కుని ఎక్కాను. తలమీద పట్టా, పట్టా మీద వాన, కింద నేను కలగన్న మబ్బు! వంతెన దాటుతుంటే మొదటి రెండు గీతలూ నిద్రలో ఊపిరి తీసినట్టు మెల్లగా కదిలాయి. పత్తి తడవలేదు. వంతెన నిక్షేపంగా ఉంది. నా చేతిలో ఉన్న మూడోదాని గీత మాత్రం మళ్లీ గెంతుతోంది.

"ఇప్పుడేం వణుకుతోందే?" అంది మరియమ్మ గారు.

"నేనే పిన్నీ. బాస్ ఫోన్ చేస్తున్నారు."